ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కాక చల్లనిది తగిలితే షాక్ కొట్టినట్టు ఉండటం తగ్గుతుందా?

నాన్నగారికి పెద్దపేగు క్యాన్సరనీ, రెండో కీమో అయిన రాత్రి చన్నీళ్లు తాగగానే గొంతు పట్టేసిందనీ, వేళ్లు జివ్వుమంటున్నాయనీ రాశారు. తగ్గుతుందండీ. కాకపోతే ఇందులో రెండు వేర్వేరు బాధలున్నాయి. రెండూ ఒకటే అనుకుని చాలామంది నోరు మూసుకుని ఓర్చుకుంటారు. అసలు నష్టం అక్కడే.

మొదటిది చలి తిమ్మిరి. మందు ఎక్కిన కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, మామూలుగా వారంలో, మహా అయితే రెండు వారాల్లో పోతుంది. మొదటి ముద్ద నమలగానే దవడ పీకడం కూడా ఇందులో భాగమే. గొంతు పట్టినప్పుడు ఊపిరి అందట్లేదనిపిస్తుంది గానీ గాలి ఆడుతూనే ఉంటుంది. నిటారుగా కూర్చోబెట్టి, దోసిలి ముక్కూ నోటికీ అడ్డం పెట్టి ఆ వెచ్చటి గాలే పీల్చమనండి. గోరువెచ్చటి నీళ్లు గుక్క గుక్కగా పట్టండి. ఆక్సీమీటర్ పెడితే ముందు వేలు వెచ్చబరచండి, చల్లటి వేలికి అంకె తప్పు చూపిస్తుంది. దద్దుర్లు, ముఖం వాపు, పిల్లికూతలు ఉంటే మాత్రం అది ఎలర్జీ కావచ్చు. క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ వారం ఫ్రిజ్ తలుపు ఇంకెవరైనా తీయాలి. పెరుగు గంట ముందే బయట పెట్టాలి. తెల్లవారుజామున కుళాయి నీళ్లు, టైల్స్ నేల, స్టీలు గ్లాసు, గేటు గొళ్లెం కూడా వేళ్లకు సూదుల్లా తగులుతాయి. గ్లౌజులు, సాక్సులు, మఫ్లర్ కీమోకి వెళ్లేటప్పుడే సంచిలో పెట్టండి. వార్డులో ఏసీ సరిగ్గా మంచం మీదికే కొడుతుంది, ఎవరూ ముందుగా చెప్పరు. చూడటానికొచ్చే బంధువులు ఫ్రిజ్‌లోంచి తీసిన కొబ్బరినీళ్లు తాగమని బలవంతపెడితే గట్టిగా వద్దనండి. పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు ఎక్కేవాళ్లకు కొన్నిచోట్ల ఐసు గ్లౌజులు తొడుగుతారు. అది విని ఈయన చేతులకు ఐసు పెట్టకండి. గొంతు మరీ పట్టేస్తుంటే, 2 గంటల్లో ఎక్కించే మందును 6 గంటలకు పొడిగించగలరేమో డాక్టరుగారిని అడగండి.

రెండోది మొద్దుబారడం. ఇది డోసు డోసుకూ పేరుకుంటుంది. ఆక్సాలిప్లాటిన్‌ను వేరే మందులతో కలిపి ఇచ్చే ఫోల్‌ఫాక్స్ కీమోలో, దీన్ని ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 85 మి.గ్రా. చొప్పున రెండు వారాలకోసారి ఎక్కిస్తారు. ఆ లెక్కన మొత్తం 800 మి.గ్రా. చేరువకొచ్చేసరికి, అంటే తొమ్మిదో డోసు దగ్గర, బాగా బయటపడుతుంది. ప్రతి డోసుకు ముందురోజు చొక్కా గుండీలు పెట్టుకోమనండి, పళ్లెంలోంచి బియ్యపు గింజలు ఒక్కొక్కటీ తీయమనండి. పోయినసారికంటే తడబడుతుంటే, తిమ్మిరి డోసుకూ డోసుకూ మధ్య పూర్తిగా పోకపోతే, మందు ఎక్కకముందే చెప్పండి. డోసు తగ్గిస్తారు, లేదా ఆ ఒక్క మందు ఆపి మిగతావి కొనసాగిస్తారు. చెబితే వైద్యం ఆపేస్తారన్న భయంతో దాచేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్లో కొందరికి 6 నెలల బదులు 3 నెలల కీమో సరిపోవచ్చని 2018లో ఐడియా అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. మీ నాన్నగారికి అది వర్తిస్తుందేమో అడగండి. కీమో ముగిశాక కూడా రెండు మూడు నెలలు ఈ మొద్దుబారడం పెరగొచ్చు, కంగారుపడకండి.

ఈ నరాల నొప్పికి కాస్త గట్టి రుజువున్న మాత్ర డులాక్సెటిన్ ఒక్కటే. మొదటి వారం 30, తర్వాత 60 మి.గ్రా. అది నొప్పికే, మొద్దుబారినదాన్ని తిరిగి తేలేదు. లివర్ జబ్బుంటే పడదు, హఠాత్తుగా మానకూడదు, అందుకే డాక్టరు రాస్తేనే వాడాలి. బలానికని విటమిన్ బి6 మాత్రలు గుప్పిళ్లకొద్దీ మింగించకండి, ఎక్కువైతే అదే నరాలను పాడుచేస్తుంది.

స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, వేళ్లకు తెలియదు. హవాయి చెప్పులు కాలి నుంచి జారిపోయినా తెలియదు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. షుగరు కూడా ఉంటే రోజూ రాత్రి టార్చి వేసి అరికాళ్లు మీరే చూడండి.