చైనీస్ అక్షరాలు గుర్తుండటం లేదా? ఆస్పత్రి బోర్డులు చదువుతూ నేను నేర్చుకున్న దారి

"పిన్యిన్ వచ్చేసింది, చిన్న చిన్న మాటలు మాట్లాడగలను. అక్షరాలు మాత్రం పొద్దున నేర్చుకుంటే రాత్రికి గుర్తుండటం లేదు. ఏం చేయాలి?" అని మీరు అడిగారు. (పిన్యిన్ అంటే చైనీస్ శబ్దాల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి.) నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. క్లాసులు ఇంగ్లీషులోనే జరిగేవి. వార్డులోకి వెళ్లాక రోగి చెప్పేదీ, నర్సు రాసేదీ, గోడ మీద బోర్డూ అన్నీ చైనీస్‌లోనే. అందుకే ఈ అక్షరాల మీద చాలా కాలం కూర్చున్నాను, ఇష్టం కూడా పెంచుకున్నాను. నా అనుభవంలో గట్టిగా చెప్పగలిగింది ఒకటే. అక్షరాన్ని మొత్తం ఒక బొమ్మలా చూడకండి. విడదీసి, ఏ ముక్క అర్థం చెబుతోంది, ఏ ముక్క శబ్దం చెబుతోంది అని చూడండి.

మొదటి పాఠాల్లో చెట్టు, కొండ, నోరు అంటూ బొమ్మల్లాంటి అక్షరాలు చూపిస్తారు. రెండు చెట్లు పక్కపక్కన రాస్తే వనం, మూడు రాస్తే దట్టమైన అడవి అంటారు. చాలా ముచ్చటగా ఉంటుంది. కానీ అలాంటివి కొద్దే. అక్షరాల్లో నూటికి 80కి పైగా ఒక పక్క అర్థాన్నీ, ఇంకో పక్క శబ్దాన్నీ సూచించే జంటలు. క్రీ.శ. 100 ప్రాంతంలోనే షు షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలను విడదీసి, అర్థాన్ని చెప్పే ముక్కల్ని బట్టి 540 వర్గాలుగా పేర్చాడు. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువులో ఈ వర్గాలు 214 మాత్రమే. ఇప్పుడు మనం రాడికల్స్ అనేవి ఇవే. అన్నీ కంఠస్థం చేయక్కర్లేదు. తరచుగా కనిపించే ఓ యాభై, అరవై పట్టుబడితే పని చాలావరకు తేలికవుతుంది.

ఆస్పత్రి నుంచే ఉదాహరణలు ఇస్తాను. ఉచ్చారణలు తెలుగులో దగ్గరదగ్గరగా రాస్తున్నాను, టోన్లు (గొంతు ఎత్తి, దించి పలికే తేడాలు) వదిలేశాను. జబ్బులకు సంబంధించిన అక్షరాలకు పైనుంచి ఎడమ పక్కకి వాలిన ఒక చట్రం ఉంటుంది, దాని ఎడమ అంచున రెండు చిన్న గీతలు. ఆ చట్రం కనిపిస్తే ఇది రోగమో, బాధో అని తెలిసిపోతుంది. లోపల కూర్చున్నది చాలాసార్లు శబ్దం చెబుతుంది. జబ్బుని 'బింగ్' అంటారు, లోపలి ముక్క కూడా 'బింగ్'. రోగలక్షణాన్ని 'జెంగ్' అంటారు, లోపలిదీ 'జెంగ్'. దురదకి లోపల గొర్రె ఉంటుంది. ఉన్ని గుచ్చుకుంటుంది కాబట్టి అని కథ అల్లుకోవచ్చు, కానీ అసలు కారణం అది కాదు. గొర్రెని 'యాంగ్' అంటారు, దురద కూడా 'యాంగ్'. నేను కథల కంటే ఈ శబ్దాన్నే ఎక్కువ నమ్ముకున్నాను. కథ ఆ ఒక్క అక్షరానికే పనికొస్తుంది. శబ్దపు ముక్క మాత్రం రేపు ఇంకో నాలుగు కొత్త అక్షరాల్లో మళ్లీ ఎదురవుతుంది.

శరీర భాగాల్లో చంద్రుడి అక్షరంలాంటి ముక్క ఒకటి కనిపిస్తుంది. నిజానికి అది చంద్రుడు కాదు, మాంసాన్ని సూచించే అక్షరం రాయగా రాయగా అలా మారింది. కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు, కాలు, పేగు, వీటన్నిటికీ అది ఎడమ పక్కన ఉంటుంది. జీర్ణకోశానికి, మూత్రపిండానికి కింద ఉంటుంది. కాలేయాన్ని 'గాన్' అంటారు, కుడి పక్కన ఉన్న ముక్క చదివితే అదీ 'గాన్'. ఇక మంట పైన మంట పెట్టి రాస్తే 'యెన్', అంటే వాపు, ఇన్‌ఫ్లమేషన్. ఊపిరితిత్తుల పక్కన 'యెన్' చేరిస్తే న్యుమోనియా, కాలేయం పక్కన హెపటైటిస్, జీర్ణకోశం పక్కన గ్యాస్ట్రైటిస్. ఈ ఒక్క అక్షరం తెలిసిన రోజున కేస్‌షీట్‌లో సగం రోగ నిర్ధారణలు ఊహించగలిగాను, ఆ సంతోషం చెప్పలేను.

అయితే శబ్దపు ముక్కని మన అచ్చుల్లా, హల్లుల్లా కచ్చితంగా తీసుకోకండి. 'ఛింగ్' అనే ముక్కే చూడండి. పక్కన నీటి చుక్కలు పెడితే తేటదనం, సూర్యుణ్ని పెడితే మబ్బులేని ఆకాశం, గుండె గుర్తు పెడితే మనోభావం, మాట గుర్తు పెడితే దయచేసి. ఇవన్నీ 'ఛింగ్' అనే పలుకుతాయి, టోన్లు మాత్రం అన్నిటికీ ఒకటి కాదు. కన్ను పెడితే మాత్రం 'జింగ్' అయిపోతుంది. వేల ఏళ్లలో ఉచ్చారణ మారిపోయింది, రాతలో ఆ ముక్క మాత్రం మిగిలిపోయింది. కాబట్టి అది సగం సాయం. గుర్తుపెట్టుకోవడానికి ఆ సగమే చాలు.

మీరు చెప్పిన ఇబ్బందికి పిన్యిన్ కూడా కొంత కారణం అయి ఉండొచ్చు. పుట్టినప్పటి నుంచి అక్షరం చూస్తే శబ్దం పలికే అలవాటు మనది. అక్షరం పైన పిన్యిన్ ఉంటే కన్ను అక్కడికే పోతుంది, కింద ఉన్నదాన్ని చూడదు. పాత హెచ్‌ఎస్‌కే (చైనీస్ భాషా సామర్థ్య పరీక్ష) పరీక్షల్లో 1, 2 స్థాయిల దాకా పిన్యిన్ ముద్రించేవారు, 3 నుంచి ఉండేది కాదు. చాలామంది సరిగ్గా అక్కడే టెన్షన్ పడేవారు. అక్షరాలు రాసుకునే కార్డుల్లో ఇప్పటినుంచే పిన్యిన్‌ని వెనక వైపుకి పంపేయండి.

విడి అక్షరాలు కాకుండా పదాలు నేర్చుకోండి. విభాగాన్ని 'ఖ' అంటారు. దాని ముందు 'లోపల' చేరిస్తే జనరల్ మెడిసిన్, 'బయట' చేరిస్తే సర్జరీ, 'ఎముక' చేరిస్తే ఆర్థోపెడిక్స్, 'కన్ను' చేరిస్తే కంటి విభాగం. ఆస్పత్రిలో కింద అంతస్తు నుంచి పైకి నడుస్తూ బోర్డులు చదివితే చాలు, ఒక్క అక్షరం అన్ని చోట్లా పలకరిస్తుంది. నేను బోర్డుల ఫొటోలు తీసుకుని అంకీ అనే, కార్డుల్ని మళ్లీ మళ్లీ చూపించి గుర్తు చేసే యాప్‌లో పెట్టుకునేదాన్ని. ఎవరో చేసిన రెడీమేడ్ కార్డుల కంటే మీరు చూసిన బోర్డు ఎంతో బాగా గుర్తుంటుంది. రోజుకి కొత్తవి కొన్నే తీసుకోండి, పాతవి తిరగేయడం మాత్రం మానకండి.

ఒకేలా కనిపించేవాటికి మాత్రం విడిగా సమయం ఇవ్వాలి. నర్సు అనే పదంలో రెండో అక్షరానికి పై అడ్డగీత పొడవు, కిందది పొట్టి. అదే తిరగబడితే మట్టి. మన ద, ధల మధ్య కూడా చిన్న గీతే తేడా, అయినా మనం తడబడం, ఎందుకంటే రాసి నేర్చుకున్నాం. అందుకే చేత్తో రాయక్కర్లేదని చెప్పేవారితో నేను ఏకీభవించను. మొదటి రెండు, మూడు వందల అక్షరాలు గీతల వరసతో సహా రాయండి. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి అనే వరస చేతికి వస్తే ప్లెకో అనే చైనీస్ నిఘంటువు యాప్‌లో తెలియని అక్షరాన్ని వేలితో గీసి వెతకగలరు. అది పెద్ద వరం. ఆ తర్వాత రాత తగ్గించినా ఫర్వాలేదు. ఫోన్‌లో పిన్యిన్ కొడితే వచ్చే వరసలోంచి సరైన అక్షరం ఎంచుకోవడమే మంచి అభ్యాసం. వీచాట్‌లో చైనీస్ స్నేహితులతో మాట్లాడుతుంటే అది దానంతట అదే జరుగుతుంది.

గీతలు తగ్గించిన సరళ లిపా, పాత పద్ధతిలోని సంప్రదాయ లిపా అన్నది ముందే తేల్చుకోండి. చైనాకీ, సింగపూర్‌కీ అయితే సరళం, తైవాన్‌కీ, హాంకాంగ్‌కీ అయితే సంప్రదాయం. రెండూ ఒకేసారి వద్దు. సంఖ్యలు చూసి బెదరకండి. 2013లో చైనా ప్రభుత్వం ప్రకటించిన పట్టికలో 8,105 అక్షరాలున్నా, మామూలు వాడకానికి అని మొదటి శ్రేణిలో పెట్టినవి 3,500. హెచ్‌ఎస్‌కే 4కి పాత లెక్కలో 1,200 పదాలు సరిపోయేవి.

మీది వైద్యం కాకపోతే హోటల్ మెనూతో మొదలుపెట్టండి, రోజూ అవసరం పడేది అదే. ఆవు, పంది, కోడి, చేప, గుడ్డు, నూడుల్స్, శాకాహారం అనే అక్షరాలు ముందు నేర్చుకోండి. మాంసం అనే అక్షరం 'రౌ' ఒక్కటే రాసి ఉంటే సాధారణంగా అది పంది మాంసమే. మనవాళ్లలో పంది మాంసం, గొడ్డు మాంసం తిననివాళ్లు చాలామంది కాబట్టి ఈ సంగతి మొదటి వారమే తెలిసి ఉండాలి. పంది అక్షరానికి ఎడమ పక్కన జంతువుల గుర్తు ఉంటుంది. కుక్క, పిల్లి, తోడేలు అక్షరాల్లోనూ అదే గుర్తు.