'డిస్కస్డ్ అబౌట్' అని రాయొచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తున్న. బయ్యర్‌కు మెయిల్‌లో 'వీ డిస్కస్డ్ అబౌట్ ది రేట్' అని రాస్తే, మా సేటు కొడుకు 'అబౌట్' తీసెయ్యమన్నడు. గూగుల్‌లో కొడితే మాత్రం కుప్పలుగా కనబడుతున్నది. ఏది నమ్మాలె?
– ఒక పాఠకుడు

జవాబు: ఆయన చెప్పిందే కరెక్టు. 'డిస్కస్' తర్వాత నేరుగా విషయమే రావాలి: 'వీ డిస్కస్డ్ ది రేట్'. 'టాక్'కు 'అబౌట్' కావాలి, 'డిస్కషన్'కూ నప్పుతుంది. ఆ అలవాటే ఇక్కడికి పాకుతుంది. మన 'గురించి' దానికి తోడు.

గూగుల్‌లో డబుల్ కోట్స్ లేకుండా వెతికితే ఆ పదాలు విడివిడిగా ఉన్న పేజీలూ వస్తాయి. కోట్స్ పెట్టినా ఫలితాల సంఖ్య అంచనాయే. పైగా 'డిస్కస్డ్ అబౌట్ ట్వెంటీ కేసెస్' కూడా అందులో పడుతుంది. అక్కడ 'అబౌట్' అంటే సుమారు, ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అందుకే చివర 'ది' చేర్చి వెతకండి.

అంతకన్నా నమ్మదగినది గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్. ఉచితం, అచ్చయిన పుస్తకాల్లోని వాడుక చూపిస్తుంది. 'డిస్కస్డ్ ది', 'డిస్కస్డ్ అబౌట్ ది' రెండూ ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్య కామా పెట్టి ఇవ్వండి. వచ్చే గ్రాఫ్‌లో రెండోదాని గీత దాదాపు నేలకు అంటుకుని ఉంటుంది. 5 పదాలకు మించి పెడితే ఏమీ రాదు, కాబట్టి వాక్యమంతా కాకుండా అనుమానమున్న ముక్కే ఇవ్వాలి.

మన దగ్గరి బయ్యర్లకు పాత వాక్యమూ అర్థమవుతుంది, బేరమేం చెడదు. విదేశీ ఆర్డర్లకు, ఉద్యోగ దరఖాస్తులకు మాత్రం వద్దు.