పాత కెమెరాకు ‘నో గ్యారంటీ’ అని రాసిస్తే షాపు బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. పెళ్లిళ్లకు, సీమంతాలకు ఒక్కడినే వెళ్లి ఫొటోలు తీస్తుంటాను. ఇల్లు దాని మీదే గడవాలి. కొత్త కెమెరా కొనే స్తోమత లేక విజయవాడ గవర్నర్‌పేటలో పాత కెమెరాలు అమ్మే ఒక షాపులో నికాన్ డి7200, ఒక లెన్సు కలిపి 36 వేలకు తీసుకున్నాను. ‘పన్నెండు వేల క్లిక్కులే తిరిగింది, ఒక డాక్టరు గారు సరదాకి వాడిన పీసు’ అని షాపాయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. డబ్బు ఫోన్‌పే చేశాను. బిల్లు అడిగితే ‘సెకండ్ హ్యాండ్, నో గ్యారంటీ, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర కొట్టిన చిన్న చీటీ ఇచ్చాడు. మూడు వారాలకే ఒక నిశ్చితార్థం మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. ఇక్కడ రిపేరు చేసే అబ్బాయి విప్పి చూస్తే లోపల స్క్రూలకు తుప్పు, బోర్డు మీద తెల్లటి పూత. లెన్సులో ఫంగస్. క్లిక్కులు 1,41,000 దాటాయట. బుడమేరు వరదలో మునిగిన పీసై ఉంటుందని అతని అనుమానం. షాపాయన మాత్రం ‘సెకండ్ హ్యాండ్ కదా, చూసుకునే కొన్నావు కదా’ అంటున్నాడు. చెకింగ్ చార్జీ 800 ఇస్తేనే బాడీ ఇస్తానని రిపేరు అబ్బాయి కూర్చున్నాడు. ఇది కాక, ఆన్‌లైన్‌లో చూసి ఒక వ్యక్తి దగ్గర పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా 7 వేలకు కొన్నాను. వెలుతురు కొలిచే మీటరు పని చేస్తుందన్నాడు, దాని ముల్లు కదలడం లేదు. రెండింటి మీదా కేసు వేయవచ్చా? ఇకముందు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నికాన్ విషయంలో వేయవచ్చు. పెంటాక్స్ విషయంలో వద్దు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందుగా మీ సంపాదన సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపార అవసరానికి వస్తువు కొన్నవాడు వినియోగదారుడు కాదు. అయితే సొంతంగా పని చేసుకుని పొట్ట పోసుకోవడానికి కొన్న వస్తువును వ్యాపార అవసరం కింద లెక్కించకూడదని అదే చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది. నలుగురిని జీతానికి పెట్టి స్టూడియో నడిపేవారైతే ఇక్కడ ఇబ్బంది పడేవారు. మీరు ఒక్కరే తీస్తున్నారు కాబట్టి ఫిర్యాదు మొదటి పేజీలోనే ‘స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసం మాత్రమే కొన్నాను’ అన్న వాక్యం స్పష్టంగా రాయండి. ఈ ఒక్క వాక్యం లేక ఇరుక్కున్న ఫిర్యాదులు ఉన్నాయి.

షాపు విజయవాడలో ఉన్నా మీరు కృష్ణ దాటి తిరగనక్కర్లేదు. పాత చట్టంలో ఎదుటివారు ఉన్న ఊళ్లోనో, వ్యవహారం జరిగిన ఊళ్లోనో వేయాల్సి వచ్చేది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన ఈ కొత్త చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటా వేయవచ్చు. కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇక అసలు విషయం. షాపాయన చేసినవి రెండు వేర్వేరు పనులు. క్లిక్కుల గురించి అబద్ధం చెప్పాడు. తడిసిన సంగతి, అది ఆయనకు తెలిసి ఉంటే, చెప్పకుండా ఊరుకున్నాడు. జనం రెండింటినీ కలిపి మోసం అంటారు. చట్టం రెండింటినీ ఒకే తక్కెడలో వేయదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17లో ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ ఒకడు వేలంలో నోరు మెదపకుండా అమ్మాడు. అది మోసం కాదంటుంది చట్టం. అదే కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందని అనుకుంటాను’ అన్నాక కూడా అమ్మేవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం. అంటే మోసమే. నూటయాభై ఏళ్లు దాటిన ఆ గుర్రం ఇవాళ గవర్నర్‌పేటలో పాత కెమెరాకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. మీరు అడిగారా లేదా అన్నదే తేడా.

క్లిక్కుల విషయంలో ఆయన మాట వాయిస్‌లో ఉంది. తప్పని తెలిసీ, లేదా నిజమో కాదో పట్టించుకోకుండా చెప్పిన అబద్ధానికి ‘నువ్వు చూసుకోవాల్సింది’ అన్న సమాధానం చెల్లదు. ఆ సాకు సెక్షన్ 19 మినహాయింపు కింద పనికొచ్చేది మౌనానికీ, నమ్మి పొరపాటున చెప్పిన మాటకూ. అందుకే మీ కేసుకు వెన్నెముక క్లిక్కులే. తుప్పు రెండోది.

ఈ క్లిక్కుల లెక్క ఎక్కడుందో మీకు తెలిసే ఉండాలి, అయినా రాస్తున్నాను. నికాన్ డీఎస్ఎల్ఆర్ తీసిన ప్రతి ఫొటో ఫైలు లోపల, అప్పటికి షట్టర్ ఎన్నిసార్లు తిరిగిందో నమోదై ఉంటుంది. షాపులోనే, ఆ రోజే, గోడ మీద క్యాలెండరో ఏదో ఒకటి ఫొటో తీసి చూసి ఉంటారు కదా. ఆ ఫైలు మీ కార్డులోనో కంప్యూటర్‌లోనో ఉందేమో వెతకండి. తేదీ, సమయం, షట్టర్ లెక్క మూడూ అందులోనే ఉంటాయి. ‘నీ చేతిలోకి వచ్చాకే తిరిగింది’ అన్న వాదన దాంతో ఆగిపోతుంది. కానీ ఒరిజినల్ ఫైలే కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. కార్డును ఇక ఫార్మాట్ చేయకండి. ఫైలు ప్రింటుతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

ఫైలు పేరులో ఉండే డీఎస్‌సీ నంబరును క్లిక్కుల లెక్కగా చూపించే షాపులు కొన్ని ఉన్నాయి. ఆ నంబరు 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తుంది. దాన్ని నమ్మి కొనడం, ఆ నంబరుతో వాదించడం రెండూ దండగే. డి7200 షట్టర్‌ను కంపెనీ 1,50,000 క్లిక్కులకు పరీక్షించింది. 1,41,000 తిరిగిన బాడీని పన్నెండు వేలని అమ్మడమంటే అరిగిపోయిన సరుకును కొత్తదాని పక్కన పెట్టి అమ్మినట్టే. ఫిర్యాదులో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి.

‘నో గ్యారంటీ’ ముద్రకు విలువే లేదని మీ మిత్రులు చెప్పి ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు. వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 ప్రకారం ఆ సరుకు అమ్మే వ్యాపారి, వివరణ చెప్పి అమ్మిన వస్తువు నాణ్యతకు బాధ్యుడు. అయితే సెక్షన్ 62 కింద ఇద్దరూ ఒప్పుకుని ఆ బాధ్యతను తీసేసుకోవచ్చు. కాబట్టి మామూలు అరుగుదల, రేపో మాపో వచ్చే రిపేరు విషయంలో ఆ ముద్ర ఆయనకు కొంత అండ. అబద్ధం చెప్పి అమ్మినదానికి మాత్రం కాదు. పైగా ఆ ముద్రను మీరు డబ్బు ఇచ్చాక చూశారా, ముందే చూశారా అన్నదీ ముఖ్యం. చీటీ మీ చేతికి వచ్చింది ఫోన్‌పే చేశాకే అయితే ఆ సంగతి తప్పక రాయండి.

‘వాపసు తీసుకోబడదు’ అన్న మాట మరీ బలహీనం. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడమూ వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతులే. మీకు మూడు వారాలకే బయటపడింది. ఆ 30 రోజుల లోపల మీరు పెట్టిన మెసేజ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫోన్లో మాట్లాడి ఊరుకుంటే మాత్రం ఇవాళే ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి.

లెన్సు ఫంగస్‌ను ఈ కేసులో ముందు పెట్టకండి. సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి వేసి చూస్తే సాలెగూడులాగా కనబడే లోపం అది. కొనేవాడు పరిశీలించి కొన్నప్పుడు, ఆ పరిశీలనలో కనబడి తీరాల్సిన లోపానికి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 రక్షణ ఇవ్వదు. బాడీ విప్పితే తప్ప కనబడని తుప్పుకు ఆ అడ్డు లేదు.

బుడమేరు మాట కూడా ఫిర్యాదులో రాయవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో సింగ్ నగర్ వైపు ఇళ్లూ షాపులూ రోజుల తరబడి నీళ్లలో ఉన్న మాట నిజమే. అప్పుడు మునిగిన సామాను మళ్లీ అమ్మకానికి రాలేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ ఈ పీసు అక్కడిదేనని మీరు రుజువు చేయలేరు. రుజువు చేయలేని ఒక్క వాక్యం, రుజువున్న పది వాక్యాలను పలుచన చేస్తుంది. ‘లోపలి భాగాలకు తేమ వల్ల తుప్పు పట్టింది’ అని కనిపించినంతే రాయండి. అది మూడు వారాల్లో పట్టే తుప్పు కాదని చెప్పాల్సింది నిపుణుడు. అవసరమైతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషనే వస్తువును పరీక్షకు పంపుతుంది.

అందుకే రిపేరు అబ్బాయికి ఆ 800 ఇచ్చేయండి. చెకింగ్ చార్జీ ఉంటుందని ముందే చెప్పి, పని చేసి ఉంటే, కూలి అందేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 కింద అతనికి ఉంది. డబ్బిచ్చి, బాడీ సీరియల్ నంబరు, విప్పిన తేదీ, లోపల చూసినవి, అప్పటి షట్టర్ లెక్క కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. విప్పినప్పుడు ఫొటోలు తీసి ఉంటే అవీ. ఒక్క పార్టు కూడా మార్పించవద్దు. ‘వాడు విప్పి పాడు చేశాడు’ అని షాపాయన అనడం ఖాయం. వీలైతే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ నుంచి కూడా ఒక రిపోర్టు తెచ్చుకోండి.

అడిగేటప్పుడు కొనుగోలు ధర, చెకింగ్ ఖర్చు, పోయిన ఆ నిశ్చితార్థం బేరం తాలూకు నష్టం ఆధారంతో, కేసు ఖర్చులు అడగండి. మానసిక వేదనకు పది లక్షలు అని రాస్తే 36 వేల కేసుకు ఉన్న బరువు కూడా పోతుంది. ఉత్తరం అందాక చాలామంది షాపువాళ్లు సగానికి దిగి వస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించినా కొన్నిసార్లు పని జరుగుతుంది. చట్టం మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చమంటుంది, వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి మంచి బేరం వస్తే కాదనకండి. పోలీస్ స్టేషన్‌కు ఇప్పుడే వెళ్లడం నాకు ఇష్టం లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు చట్టరీత్యా సాధ్యమే అయినా, ‘ఇది సివిల్ తగాదా’ అని పంపించేస్తే ఆ మాటను అవతలివాడు కమిషన్‌లో వాడుకుంటాడు.

మళ్లీ కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందు వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘ఈ కెమెరా ఎప్పుడైనా నీళ్లలో తడిసిందా? విప్పి రిపేరు చేశారా? షట్టర్ ఎన్ని తిరిగింది? మీరు కాదనకపోతే ఏ లోపమూ లేదని నమ్మి కొంటున్నాను.’ పై గుర్రం ఉదాహరణను కెమెరాకు తగ్గట్టు మార్చి రాసిందే ఇది. అమ్మేవాడు జవాబిస్తే సరే, నీలి టిక్కులు పడి ఊరుకున్నా మీకు లాభమే. షాపులో బ్యాటరీ గది లోపలి లోహపు పలకలు చూడండి, అక్కడి పచ్చటి తుప్పు చాలా చెబుతుంది. తెల్ల గోడను ఎఫ్/16లో (లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి) ఒకటి తీస్తే సెన్సర్ మీద మరకలు బయటపడతాయి. బాడీ అడుగున సీరియల్ నంబరును బిల్లు మీద రాయించండి. దొంగ సొత్తని తేలితే పోలీసులు మీ చేతిలోంచి తీసుకుపోతారు. అమ్మినవాడికే హక్కు లేదు కాబట్టి మీకూ రాదు. అతని మీద డబ్బు వసూలుకు ఆ బిల్లే దిక్కు. కొన్నాక మన తేమకు డ్రై క్యాబినెట్ (తేమను అదుపులో ఉంచే బీరువా) కొనలేకపోతే, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ వేసి, తేమను 40–50 శాతం మధ్య ఉంచుకోండి. ‘నువ్వే తడిపావు’ అనే వాదన కూడా కొంత తగ్గుతుంది.

పెంటాక్స్ సంగతి. మీకు అమ్మింది వ్యాపారి కాదు, తన పాత వస్తువు వదిలించుకున్న మనిషి. అతని మీద వినియోగదారుల కమిషన్ పనికిరాదు. సివిల్ కోర్టులో 7 వేలకు దావా వేస్తే తిరుగుడు ఖర్చులే అంతకు మించుతాయి. అసలు ఆయన అబద్ధం చెప్పాడనీ నాకు నమ్మకం లేదు. కె1000లో మీటరుకు స్విచ్ ఉండదు. లెన్సు మూత తీసి ఉన్నంతసేపూ అది బ్యాటరీ తింటూనే ఉంటుంది. షట్టర్ పూర్తిగా మెకానికల్ కాబట్టి బ్యాటరీ చచ్చినా క్లిక్కుమంటుంది, అందుకని ఎవరికీ అనుమానం రాదు. అడుగున మూతను నాణెంతో తిప్పి తీసి, లోపల పచ్చగా ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక కొత్త ఎల్ఆర్44 బటన్ బ్యాటరీ ఒకటి వేసి చూడండి. అప్పటికీ ముల్లు కదలకపోతే ఆయనకు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టి వెయ్యో పదిహేను వందలో తగ్గించమని అడగండి. ఇవ్వకపోతే ఫోన్లో లైట్ మీటర్ యాప్ వేసుకుని ఫిల్మ్ లోడ్ చేసుకోండి.