‘ఊరికే పడి ఉన్న’ ఎఫ్‌డీతో గొరిల్లాల దగ్గరికా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నాకు చేతికి 1,60,000, స్కూల్లో పనిచేసే మా ఆవిడకు 35,000 వస్తాయి. ఇంటి అప్పు ఇంకా 46 లక్షలుంది, నెల కిస్తీ 58,000. ఇంటి ఖర్చులు, పాప ఫీజులు కలిపి 85,000. సిప్‌లో 15,000 వేస్తున్నాం. ఏటా లక్షన్నర బోనస్ వస్తుంది. పదిహేనో పెళ్లిరోజుకి రువాండా వెళ్లి కొండ గొరిల్లాలను చూడాలని ఇద్దరికీ కోరిక. ఎకో లాడ్జిలో మూడు రాత్రులకు 9 లక్షలు, పర్మిట్లకు 2.7 లక్షలు, విమానం, కారు వగైరాలకు 2.3 లక్షలు చెప్పారు. 4 లక్షల ఎఫ్‌డీ ఊరికే పడి ఉంది. అది తీసి, మిగతా 10 లక్షలకు పర్సనల్ లోన్ (13 శాతం, మూడేళ్లు) పెడదామనుకుంటున్నాం. చిల్లర ఖర్చులకు క్రెడిట్ కార్డు ఉంది. 13 ఏళ్ల పాపను అమ్మమ్మ దగ్గర ఉంచుతాం. బీమా అంటే ఆఫీసు ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య పాలసీ ఒక్కటే. ఇప్పటి ప్రాజెక్టు మార్చితో అయిపోతుంది, ఇంకోటి ఇస్తామన్నారు. ఈ నెల 15లోగా అడ్వాన్సు కట్టాలి. ఏమంటారు?

జవాబు: వద్దంటాను. గొరిల్లాల మీద నాకేం కోపం లేదు. మీ ఉత్తరంలో ‘ఊరికే పడి ఉంది’ అన్న మాట చూసే ఈ వారం మీ ప్రశ్న తీసుకున్నాను. ఆ మాట నెలకు పదిమంది నోట వింటాను. ఒకరు దాంతో కారు కొంటారు, ఒకరు కిచెన్ మార్పించుకుంటారు, మీరు అడవికి వెళ్తానంటున్నారు.

ఆ ఎఫ్‌డీ ఊరికే పడి లేదండీ, కాపలా కాస్తోంది. కిస్తీ, ఖర్చులు కలిపి మీ ఇంటికి నెలకు 1,43,000 కావాలి. ఆరు నెలలకు 8,58,000. మీ దగ్గరున్నది 4 లక్షలు, అంటే మూడు నెలలకు కూడా చాలదు. దాన్నే తీసేసి, పైన 33,700 కొత్త కిస్తీ తగిలించుకుంటానంటున్నారు. అప్పుడు నెలకు 1,76,700 కావాలి, వెనక చిల్లిగవ్వ ఉండదు. ప్రాజెక్టు మార్చితో ముగుస్తుందని మీరే రాశారు. ‘ఇస్తామన్నారు’ అనే మాటతో ఏ బ్యాంకూ కిస్తీ జమ చేసుకోదు. మూడేళ్లలో వడ్డీకే 2,13,000 పోతుంది, అంటే మీ రెండు పర్మిట్ల ఖరీదులో మూడొంతులకు పైగా. ఇక క్రెడిట్ కార్డు సంగతి. బాకీ మిగిలితే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ వేసేదాన్ని చిల్లర ఖర్చులకని ఎలా రాశారో నాకు అర్థం కాలేదు.

ఈ ప్రయాణానికి ఇంకో చిక్కుంది. డబ్బంతా ముందే కట్టాలి, తేడా వస్తే తిరిగి రావడం కష్టం. రువాండా 2017లో పర్మిట్‌ను 750 డాలర్ల నుంచి ఒకేసారి 1,500 చేసింది. ఆ సొమ్ముతో గొరిల్లాల ముందు గడిపేది ఒక్క గంట, గుంపుకు ఎనిమిది మందే. జలుబో దగ్గో ఉన్నట్టు కనిపిస్తే గైడ్లు ఆపేస్తారు, మన రొంప వాటికి అంటుకుంటే ప్రాణాంతకం కాబట్టి. ఆపడం న్యాయమే, కానీ ఒక్కొక్కరి లక్షా ముప్పయ్యయిదు వేలు మీ తుమ్ము మీద ఆధారపడి ఉంటాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల రువాండా, ఉగాండా రెండూ గొరిల్లా పార్కులు మూసేశాయి. ఇక్కడ ఆగస్టు దాకా కిస్తీలకు మారటోరియం, అంటే వాయిదా, ఇచ్చారు గానీ వడ్డీ మీటరు మాత్రం ఆగలేదు.

లాడ్జి మాటకొస్తే, మనకు లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండేది. అక్కడ బిసాటే అనే ఎకో లాడ్జి లాంటి చోట కొండవాలు మీద ఆరే విల్లాలు, కింద స్థానిక చెట్లు తిరిగి నాటి పెంచుతున్న వనం. బాగుంటుంది, కాదనను. మంచి పనికే డబ్బు పోతుందని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. అయితే పార్కు ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లేది పర్మిట్లు, ప్రవేశ రుసుముల లాంటి వాటి నుంచే. మీరు 9 లక్షల గదిలో పడుకున్నా, పార్కు దగ్గరి ముసాంజె ఊళ్లో మామూలు గెస్ట్‌హౌస్‌లో పడుకున్నా ఆ వాటా మారదు. పొద్దున్నే చూడబోయే గొరిల్లాలూ అవే.

పాపను వదిలి వెళ్తామన్నారు. ఎలాగూ 15 నిండనివాళ్లను ట్రెక్‌కి రానివ్వరు. మూడేళ్లు ఆగితే తనకు 16, ముగ్గురూ వెళ్లొచ్చు. లోన్ కిస్తీకి సిద్ధపడ్డ ఆ 33,700నే ఈ నెల నుంచి పక్కన పెట్టండి. అందులో సుమారు 6,000 టర్మ్ (జీవిత బీమా) పాలసీకి, సొంత ఆరోగ్య పాలసీకి. 46 లక్షల ఇంటి అప్పు నెత్తిన పెట్టుకుని టర్మ్ పాలసీ లేకుండా ఇన్నాళ్లు నిద్ర ఎలా పట్టిందో! ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. మిగతా 27,700 ఎఫ్‌డీ పక్కనే చేరితే పదిహేడో నెలకు ఆరు నెలల నిధి పూర్తవుతుంది. అప్పటిదాకా గొరిల్లా మాట ఎత్తకండి. తర్వాతి 19 నెలల్లో 5 లక్షల పైచిలుకు, మూడు బోనస్‌లు కలిపి మరో నాలుగున్నర.

ఆ డబ్బుతో ఉగాండాలోని గొరిల్లా పార్కు బ్విండి చూడండి. పర్మిట్ ఇప్పుడు 800 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే ముగ్గురికి 2,16,000. సీజన్‌లో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లాలంటే నెలల ముందే తీసుకోవాలి. అక్కడ వాలు బాగా ఎక్కువ. నడవలేకపోతే కూలీలు స్ట్రెచర్ లాంటి కుర్చీలో మోసుకొస్తారు, దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు హెలికాప్టర్. నిజంగా హెలికాప్టర్ అవసరమైతే బిల్లు లక్షల్లో ఉంటుంది, రోడ్డున రాజధాని కంపాలా చేరడానికి ఎనిమిది గంటల పైనే. అందుకే ప్రయాణ బీమాలో అత్యవసర తరలింపు, కొండ ట్రెక్, ట్రిప్ రద్దు మూడూ ఉన్నాయో లేదో పాలసీ పత్రంలో చదివి కొనండి. బీపీ, షుగర్ ఉంటే దాచకండి.

గోల్డ్ లోన్ వడ్డీ తక్కువ కదా అంటారేమో. తక్కువే, అదీ అప్పే. సిప్ ఆపొద్దు. ఆఫీసు ఇచ్చే ప్రయాణ భత్యం (ఎల్‌టీఏ) మీద పన్ను మినహాయింపు విదేశాలకు వర్తించదు. ప్యాకేజీ మీద ఏజెంటు వసూలు చేసే పన్ను (టీసీఎస్) కూడా ముందే కట్టాలి, అది రిటర్నులో సర్దుబాటవుతుంది.

15వ తేదీకి ఏజెంటు ఫోన్ చేస్తాడు. ఈ ధర మళ్లీ రాదంటాడు. పాపకు 15 దాటాక మాట్లాడదామని చెప్పి పెట్టేయండి.