పాఠకుల ప్రశ్నలు: మూడు వందల ఫీట్లను ఫ్రెంచ్‌లో ఏమంటారు?

ప్రశ్న: పదేండ్లుగా బోరు బండి మీద డ్రిల్లర్‌గా పని చేస్తున్న. ఆఫ్రికాలో అబిజాన్‌కైనా, కిన్షాసాకైనా పంపుతామని ఏజెంటు అంటున్నడు. రెండు చోట్లా ఫ్రెంచేనట. నాకు ఇంగ్లిషే అంతంతమాత్రం. ఎట్లా? (దేవరకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండు చోట్లా ఫ్రెంచే కానీ, వాడే తీరు వేరు. అబిజాన్ ఉన్న ఐవరీ కోస్ట్‌లో అరవైకి పైగా స్థానిక భాషలున్నాయి. అందుకే అక్కడివాళ్లు ఇద్దరు బజార్లో బేరమాడుకున్నా చాలాసార్లు ఫ్రెంచ్‌లోనే. పక్కనే ఉన్న ఘనాలో మాత్రం ఇంగ్లిష్. కాంగోలోని కిన్షాసాలో బజారు మాట లింగాలా అనే స్థానిక భాష. ఒప్పందాలు, ఆఫీసు కాగితాలు ఫ్రెంచ్‌లో ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని తెలిసినవాళ్లతో తెలుగులో చెప్పించుకోండి.

మీ పనికి అసలు చిక్కు అంకెల దగ్గర వస్తుంది. మనం ఫీట్లలో లెక్కపెడతాం, అక్కడ మీటర్లు. మూడు వందల ఫీట్ల బోరంటే సుమారు 91 మీటర్లు. అబిజాన్‌లో దాన్ని 'కాత్ర్ వేఁ ఓఁజ్' అంటారు: నాలుగు ఇరవైలు, పైన పదకొండు. కొత్తవాళ్లు విన్నది విన్నట్టు రాసుకుంటూ పోతే కాగితం మీద 4, 20, 11 పడుతుంది. కాంగోను ఏలింది బెల్జియం కాబట్టి కిన్షాసాలో బెల్జియం వాళ్లలాగే అదే 91ని తిన్నగా 'నొనాఁత్ ఎ అఁ' అంటారు, మన తొంభై ఒకటి లాగే. 70 కూడా అంతే: అక్కడ 'సెప్తాఁత్', అబిజాన్‌లో 'స్వసాఁత్ దీస్', అంటే అరవై పది. 80 మాత్రం రెండు చోట్లా నాలుగు ఇరవైలే.

60 నుంచి 99 దాకా ఎవరితోనైనా చెప్పించుకుని, చూడకుండా అంకెల్లో రాయండి. మాట పూర్తిగా అయ్యేదాకా పెన్ను కాగితానికి తగలొద్దు. పని మాటల్లో ముందు ఇవి పట్టండి: బోరు 'ఫొరాజ్', నీళ్లు 'ఓ', డ్రిల్లింగ్ రాడ్డు 'తీజ్', పంపు 'పోఁప్'.

ప్రశ్న: పాత గైడులో మాలి, నైజర్ అధికార భాష ఫ్రెంచ్ అని ఉంది. కొత్తదాంట్లో లేదు. ఏది నమ్మాలి? (నల్లగొండ)

జవాబు: కొత్తదే. మాలి 2023లో, బుర్కినా ఫాసో 2024లో, నైజర్ 2025లో ఫ్రెంచ్‌కు అధికార హోదా తీసేశాయి. పని భాషగా మాత్రం ఉంచుకున్నాయి. హోదాకూ వాడకానికీ పొంతన ఉండాలని లేదు. అల్జీరియాలో అధికార హోదా లేకున్నా ఫ్రెంచ్ బాగా నడుస్తుంది. ఉగాదికి దేశమంతా సెలవిచ్చే మారిషస్‌లో పార్లమెంటు భాష ఇంగ్లిష్, పత్రికలు మాత్రం ఎక్కువగా ఫ్రెంచ్‌లో వస్తాయి.

ప్రశ్న: ఫ్రెంచ్ మాటలన్నీ తెలుగులో రాసుకుని నేర్చుకుంటున్న. 'మంచి' అనే మాటను 'బోన్' అని పలికితే టీచర్ రోజూ తప్పంటున్నరు. (పాలమూరు, ఇంటర్ విద్యార్థిని)

జవాబు: తెలుగులో రాసుకోవడం తప్పు కాదమ్మా, న్ రాయడమే తప్పు. పాత పుస్తకాల్లో కనిపించే అరసున్నను ఇక్కడ వాడుకో: 'బోఁ'. గాలి ముక్కులోంచి పోవాలి, నాలుక కొన పైకి లేవకూడదు. లేచి పళ్ల వెనక తగిలిందో, అది 'బొన్' అవుతుంది. మగవాడిని మంచివాడు అనబోయి మంచిది అన్నట్టే. అద్దం ముందు నోరు కొంచెం తెరిచి నాలుక కదలకుండా పది సార్లు పలుకు. 'ట' అలవాటు కూడా మానుకో. ఫ్రెంచ్ వాళ్లది పళ్లకు తగిలే మన 'త'. ఇంకొకటి, 'నువ్వు' అనే మాట 'తు' కాదు. లోపల 'ఈ' అంటూ పెదాలు మాత్రం 'ఊ'కు చుట్టినట్టు చుట్టు, అప్పుడొస్తుంది.