టెక్ సందేహాలు: 'వెజిటేబుల్' అంటే ఎర్రగుర్తు పెడుతున్న యాప్

పలాస నుంచి ఒకరు: స్పోకెన్ ఇంగ్లీష్ యాప్‌లో వెజిటేబుల్ అని ఎన్నిసార్లు చెప్పినా తప్పంటోంది సార్, అదే కీబోర్డులో మైకు నొక్కి చెప్తే కరెక్టుగా టైపవుతోంది. మైకు పాడయిందా? యాక్సెసిబిలిటీ ఆన్ చేస్తే బాగా వింటానంటోంది, చెయ్యొచ్చా?

మైకు బానే ఉందండీ. ఈ నెల్లో ఇదే గోల నాకు నాలుగోసారి. వాయిస్ టైపింగ్ మీ ఉచ్చారణకి మార్కులెయ్యదు, మీరన్నదానికి దగ్గరగా ఏ మాటుందో ఊహించి రాసేస్తుంది, ముందూ వెనకా మాటల్ని కూడా చూసుకుంటుంది, కాబట్టి అది రాసిందంటే మీ మాట అర్థమైందనే గానీ కరెక్టుగా పలికారని కాదు. అసలు మాట 'వెజ్‌టబుల్', మధ్యలో 'ఇ' దాదాపు మింగేస్తారు, చివర్న మన బల్ల టేబుల్ లేదు, ఒత్తంతా 'వెజ్' మీదే. రాసినట్టే చదవడం మనకలవాటు మరి. రాతని మాటకి దగ్గర చెయ్యాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే పుట్టారు, ఇంగ్లీషు రాత మాత్రం మాటకి దూరంగానే ఉండిపోయింది, ఏటి చేస్తాం.

ఏ అక్షరం దగ్గర తప్పిందో చెప్పకుండా ఎర్రగుర్తు పెట్టి ఊరుకునే యాప్ ఏటి యాప్ అండీ? బెత్తం పట్టుకున్న మేష్టారికీ దానికీ తేడా లేదు. సెట్టింగ్స్‌లో అమెరికన్, బ్రిటిష్, ఇండియన్ అని యాస మార్చుకునే వీలుందేమో చూడండి.

నాకు భయమేసింది మాత్రం మీ రెండో ప్రశ్నకి. యాక్సెసిబిలిటీ అస్సలు ఇవ్వొద్దు. అది చూపు సరిగా లేనివాళ్లకి స్క్రీన్ చదివిపెట్టడం లాంటి పనుల కోసం పెట్టింది, అది చేతికి చిక్కిన యాప్ మీ స్క్రీన్ మీదున్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. ఓటీపీ వచ్చినా, బ్యాంకు యాప్ తెరిచినా దాని కళ్ల ముందే. మాట వినడానికి మైకు పర్మిషన్ ఒక్కటి చాలు, అదీ 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టండి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడుతుంటే పైన పచ్చ చుక్క కనిపిస్తుంది, యాప్ మూసేశాక కూడా అది వెలుగుతుంటే స్క్రీన్ని పైనుంచి కిందికి లాగి, అక్కడ ఆ పచ్చ గుర్తు నొక్కి ఏ యాప్ వింటోందో చూడండి.

ఇప్పటికే ఇచ్చేసుంటే ఆఫ్ చేసి యాప్ తీసెయ్యండి, తియ్యనివ్వకపోతే ఫోన్ని సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లేవీ నడవకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) పెట్టి తియ్యండి. ఖాతాలో డబ్బు కదిలిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, తర్వాత బ్యాంకుకి. ఉచ్చారణకి ఏదైనా మంచి డిక్షనరీ సైటులో స్పీకరు బొమ్మ నొక్కి వినండి, దానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు.