నాన్న పెంపకం మీద డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నాను. ఆయన్ని కెమెరా ముందు ఎలా కూర్చోబెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు నాన్న చేతిలో తిన్న దెబ్బలూ మాటలూ ఇప్పటికీ మిమ్మల్ని వదల్లేదని, మీకు బాబు పుట్టాక వాటి మీద ఒక డాక్యుమెంటరీ తీయాలనిపిస్తోందని రాశారు. నాన్నను కూర్చోబెట్టి ఎలా అడగాలో చెప్పమన్నారు. నేను సరిగ్గా ఇదే పని చేశాను. మాది మదనపల్లె వైపు, పదిహేనేళ్ళుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. నాది సినిమా ఫీల్డ్ కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రెండేళ్ళ పాటు శని, ఆదివారాలు కూర్చుని 34 నిమిషాల సినిమా పూర్తి చేశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. నాన్న చేత తప్పు ఒప్పించడానికైతే ఈ సినిమా మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టాను, ఆర్నెల్లు పోయాయి.

నన్ను ఈ పనిలోకి దింపింది మా పాప. అప్పుడు దానికి ఐదేళ్ళు. బొమ్మలకు పాఠం చెప్తోంటే ఊళ్ళో ఉన్న అమ్మకు పంపుదామని ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. పాప కుందేలు బొమ్మ చెవి పట్టుకుని, "ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు? బుర్రలో మన్నుందా?" అంది. మా ఇంట్లో ఎవరూ "తూర్లు" అనరు. మా ఆవిడది నెల్లూరు. పాప "సార్లు" అంటుంది, స్కూల్లో ఇంగ్లిష్, కింద ఆడుకునేటప్పుడు కన్నడ. ఆ మాట మా నాయనది. ఊరు వదిలాక నా నోట కూడా పోయింది, కోపం వచ్చినప్పుడు తప్ప. అంటే నా కోపంలోంచి తప్ప ఆ మాట పాపకు చేరే దారే లేదు. ఆ రాత్రి ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో.

కెమెరా అద్దెకు తెచ్చేలోపే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను, ఎనిమిది నెలలు. మీరూ ఈ మెట్టు దాటేయకండి. బెంగళూరులో ఉన్నారు కాబట్టి హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. అంత దూరం వద్దనుకుంటే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ ఇది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. షూటింగ్ రోజు మనకు బాగానే ఉంటుంది, లైట్లూ వైర్ల హడావిడిలో పడిపోతాం. అసలు కుదుపు రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది. మా చెల్లెలి ఇంటర్వ్యూ తీసిన మూడో రోజు రాత్రి అది ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. అప్పటి నుంచి ఎవరితో మాట్లాడినా మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి ఫోన్ చేయడం నియమంగా పెట్టుకున్నాను.

ఇక నాన్న సంగతి. మా నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. నేను ఏడో తరగతిలో ఉండగా లెక్కల్లో 19 మార్కులు వచ్చాయని డిసెంబరు రాత్రి నన్ను వరండాలో వదిలి లోపల గడియ పెట్టారు. మదనపల్లె చలి తెలిసినవాళ్ళకు ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా నాలో ఉన్నది ఆ గడియ చప్పుడే. సినిమా అంతా ఆ రాత్రి చుట్టూ అల్లుకున్నాను. నలభై ప్రశ్నలు రాసుకుని, రెండు కెమెరాలు పెట్టి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను. ఆయన చాలాసేపు నేల చూసి, "నాకు గుర్తు లేదు రా" అన్నారు. మైకు తీసి కుర్చీ మీద పెట్టి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయారు.

ఈ జవాబుకు మీరు సిద్ధంగా ఉండాలి. దెబ్బ తిన్నవాడికి గుర్తున్నట్టు కొట్టినవాడికి గుర్తుండదు. అబద్ధం చెప్తున్నారని అప్పుడు నాకు మండిపోయింది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

నెల తర్వాత ఒక్క ఆడియో రికార్డర్ మాత్రం పట్టుకుని వెళ్ళి, "డ్యూటీలో మొదటి రోజు ఏ రూటు వేశారు నాయనా?" అని అడిగాను. గంటన్నర మాట్లాడారు. డిపోలో డబ్బు కట్టేటప్పుడు లెక్క తగ్గితే చేతి నుంచి కట్టాల్సి వచ్చేదట. పద్దెనిమిది రూపాయలు తగ్గిన ఒక రాత్రి ఇంటికి రాకుండా బస్టాండు బెంచీ మీద కూర్చున్నారట. "లెక్క రానోని బతుకు ఎట్లుంటాదో నాకు తెలుసు రా" అన్నారు. ఆయన చేసింది దీంతో ఒప్పైపోదు. కానీ ఆ 19 మార్కులు ఆయన కంటికి ఏమై కనిపించాయో మొదటిసారి అర్థమైంది. "నన్నెందుకు కొట్టావు" అని అడిగితే ఎవరైనా గడియ పెట్టుకుంటారు. పని గురించి, బడి గురించి, ఆయన్ని కొట్టిన అయ్యవారి గురించి అడగండి.

ఇంకో ఆరుగురితో మాట్లాడాను, అందరూ ఇక్కడి తెలుగువాళ్ళే. ఒకాయన మినహా అందరి నోటా "దండం దశగుణం భవేత్" గానీ "మొక్కై వంగనిది మానై వంగునా" గానీ వచ్చింది. కొట్టడాన్ని సమర్థించుకోవడానికి మన దగ్గర సామెతలు ఎంత సిద్ధంగా ఉంటాయో! బుజ్జగించడానికి అలాంటిది ఒక్కటి చెప్పమంటే ఆలోచనలో పడ్డారు.

అమ్మ మాట దొరికింది మాత్రం వంటింట్లో. సంక్రాంతికి ముందు మా ఇంటికి వచ్చింది, అనపకాయల కాలం. రాత్రి నానబెట్టిన అనపగింజలు స్టీలు బేసిన్‌లో పెట్టుకుని రెండు వేళ్ళతో నొక్కుతోంది, తొక్క ఒక పక్క, పప్పు ఒక పక్క. పితికిన పప్పు చేసేవాళ్ళకు తెలుసు, అది గంటన్నర పని. చేతులు, కళ్ళు దాని మీద ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. కొంగు అంచుకు చిన్న కాలరు మైకు పెట్టి, కెమెరాను ఆమె చేతుల మీదే ఉంచాను. ఆ రాత్రి గురించి నేను అడగలేదు. తనే అంది: "ఆ పొద్దు నీకు కిటికీలోంచి దుప్పటి ఇస్తి కదరా. కమ్మీల మధ్య ఇరుక్కుంటే నువ్వు ఆ పక్క నుంచి లాగితివి." వేళ్ళు ఆగలేదు. గింజలు బేసిన్‌లో పడుతూనే ఉన్నాయి.

నాకు దుప్పటి అస్సలు గుర్తు లేదు. నాయనకు రాత్రే గుర్తు లేదని కోప్పడినవాణ్ణి, నేనే దుప్పటిని మర్చిపోయాను. దుప్పటి ఇచ్చిన మాట నిజం, అమ్మ తలుపు తీయని మాటా నిజం. సినిమాలో రెండూ అలాగే ఉంచాను. తర్వాత నలభై సెకన్ల పాటు ఇద్దరం మాట్లాడలేదు, గింజల చప్పుడే వినిపిస్తుంది. ఎడిటింగ్‌కు సాయం చేసిన మిత్రుడు కత్తిరించమన్నాడు, నేను ఒప్పుకోలేదు.

పరిశోధనల సంగతి కూడా అడిగారు. 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం గురించి వినే ఉంటారు. మొత్తం మీద 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళను బాల్యంలో పడ్డ కష్టాల గురించి అడిగి, అవి ఎక్కువయ్యేకొద్దీ పెద్దయ్యాక జబ్బుల ముప్పూ పెరుగుతోందని చూపించారు. దాన్నుంచి వచ్చిన పది ప్రశ్నల జాబితా ఫోన్లలో తిరుగుతుంటుంది. నాతో మాట్లాడినవాళ్ళలో ఒకతను అందులో ఏడు మార్కులు వేసుకుని, నా బతుకింతే అని కూర్చున్నాడు. ఆ అంకె గుంపు గురించి చెప్పేది, ఒక మనిషి భవిష్యత్తు చెప్పేది కాదు. ఆండానే 2020లో ఒక వ్యాసంలో, ఈ స్కోరును విడి మనుషులకు అంటగట్టవద్దని హెచ్చరించారు. అందుకే ఆ అంకెలు నా సినిమాలో పెట్టలేదు.

నాకు నిజంగా పనికొచ్చింది 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త చేసిన ప్రయోగం. తల్లి పసిబిడ్డతో ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా ముఖంలో ఏ భావమూ లేకుండా రెండు నిమిషాలు ఉండిపోతుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, చివరికి ఏడుస్తుంది. చాలామంది అక్కడి దాకే చెప్తారు. ఆ తర్వాత తల్లి మళ్ళీ నవ్వుతూ బిడ్డ దగ్గరికి వచ్చే ఘట్టం కూడా ఉంది. తెగింది మళ్ళీ అతుక్కోవడం గురించే ట్రోనిక్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాట్లాడారు. ఇది చదివాక పాప దగ్గర కూర్చుని, "ఆ మాట తప్పు. నాన్న అనకూడదు, నువ్వూ కుందేల్ని అనొద్దు" అన్నాను. అది వెంటనే కుందేలుకు సారీ చెప్పింది. ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. కానీ ఆ రాత్రి పడుకునేలోపు వెళ్ళి మాట్లాడతాను.

అనుమతుల విషయంలో మొహమాటపడకండి. ఇంట్లోవాళ్ళైనా కాగితం మీద తీసుకోవాలి, అదీ రెండుసార్లు: షూటింగ్‌కు ముందు, మొదటి కూర్పు చూపించాక. మా చెల్లెలు కూర్పు చూసి, "మా అత్తగారి వాళ్ళు చూస్తే ఎట్లన్నా?" అంది. దానిది 11 నిమిషాలు, సినిమాలో అన్నిటికంటే బలమైన భాగం. తీసేశాను. ఇప్పటికీ మనసు పీకుతుంది, కానీ దాని గాయం మీద హక్కు దానిది.

పిల్లల ముఖాలు చూపించొద్దని నా గట్టి అభిప్రాయం. పాప వీడియోలో గొంతు మాత్రం వాడాను, తెర మీద కుందేలు బొమ్మే ఉంటుంది. ఎవరైనా పిల్లల మీద జరిగిన లైంగిక హింస బయటపెడితే ఇంకా జాగ్రత్త. 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేరు, ఫోటో, ఇల్లు, బడి, కుటుంబం, ఏదీ ఆ బిడ్డను పట్టించేలా మీడియాలో రాకూడదు. నేరం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పాలని అదే చట్టం 19వ సెక్షన్ అంటుంది. ఇంటర్వ్యూ మొదలుపెట్టే ముందే ఈ విషయం ఎదుటివాళ్ళకు చెప్పండి. చికిత్సలో ఉన్నవాళ్ళ ఫోటోలు, వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్‌లో ఉంది.

టెక్నికల్‌గా పెద్ద టెన్షన్ పడకండి. బొమ్మ కాస్త వణికినా చూస్తారు, మాట వినిపించకపోతే లేచిపోతారు. డబ్బంతా మైకు మీద పెట్టండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ మళ్ళీ వేయడం మర్చిపోకుండా బండి తాళం దాంట్లోనే పెట్టండి, తాళం కోసం వెతికినప్పుడు గుర్తొస్తుంది. ప్రతి గదిలోనూ ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది.

నలుగురికీ బహిరంగంగా చూపించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, అది తర్వాత చూసుకోవచ్చు. ఈలోగా బనశంకరి సుచిత్ర ఫిల్మ్ సొసైటీలోనో, దోమలూరు బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లోనో డాక్యుమెంటరీ వేస్తే వెళ్ళి చూడండి, చూసినవాళ్ళు ఎక్కడ ఊపిరి బిగబడతారో గమనించండి.

మా నాయన కూర్పు చూసి ఏమీ అనలేదు. అనుమతి కాగితం తెమ్మని, కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, నేను తప్పు రాసిన డిపో పేరు దిద్ది సంతకం పెట్టారు. ఆ కాగితం తెలుగులోనే రాసుకున్నాను. మీకు కావాలంటే కింద అడగండి, ఇక్కడే మొత్తం పెడతాను.